కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయ కొట్టలేదు: మన దర్శకుల ఆగిపోయిన సినిమాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగిపోయిన సినిమా అంటే ఏది? పేపర్లో వచ్చిన ప్రతి కాంబినేషనూ లెక్కలోకి వస్తుందా?

రాదు. అలా లెక్కేస్తే ఫిల్మ్‌నగర్‌లో పూటకో సినిమా ఆగిపోయినట్టే. మన దగ్గర సినిమా మొదలవడానికి ఒక వరస ఉంది. దర్శకుడు హీరోకి లైన్ చెప్తాడు, నచ్చితే నిర్మాత అడ్వాన్స్ ఇస్తాడు, ఆఫీసు తీస్తారు, స్టోరీ సిట్టింగ్స్ నడుస్తాయి. ఆ తర్వాతే ప్రకటన. ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానంలోనో, అన్నపూర్ణలోనో, రామానాయుడు స్టూడియోలోనో ఓపెనింగ్ పెట్టి, ఒకరు క్లాప్ కొడితే ఇంకొకరు కెమెరా స్విచాన్ చేస్తారు, కొబ్బరికాయ కొడతారు. షూటింగ్ మొత్తం పూర్తయిన రోజు గుమ్మడికాయ కొడతారు. ఈ రెండు కాయల మధ్య ఎక్కడ ఆగినా అది నిజంగా ఆగిన సినిమా.

ప్రకటన వచ్చి ఓపెనింగ్ దాకా వెళ్లనివి కూడా ఇక్కడ కలిపాను, కాకపోతే హీరోనో దర్శకుడో నిర్మాతో సొంత నోటితో చెప్పినవే. "ఫలానా వాళ్లు కథ విన్నారట" అనే రకం వార్తల జోలికి వెళ్లలేదు. హీరోలు కథలు వింటూనే ఉంటారు, అది వాళ్ల పనిలో భాగం.

అసలు ఎందుకు ఆగిపోతాయి? గొడవలేనా?

గొడవలు మనం అనుకునేంత ఉండవు. చాలావరకు విసుగు పుట్టించే కారణాలే. హీరో డేట్లు వేరే సినిమాకి వెళ్లిపోతాయి. ఫైనాన్షియర్ వెనక్కి తగ్గుతాడు. బడ్జెట్ వేసి చూస్తే ఆ హీరో మార్కెట్ కంటే ఎక్కువ తేలుతుంది. దర్శకుడి ముందు సినిమా పోతుంది, దాంతో నిన్నటిదాకా బాగున్న కథ ఒక్క శుక్రవారంతో బాగోలేకుండా పోతుంది. వీటన్నిటి కంటే ఎక్కువగా కనిపించే కారణం సెకండాఫ్.

నవ్వులాట కాదు, నిజంగానే సెకండాఫ్. నరేషన్‌లో ఫస్టాఫ్ చెప్పడం తేలిక, హీరో ఇంట్రడక్షన్, కామెడీ, ఇంటర్వెల్ బ్యాంగ్ వరకు ఎవరైనా ఊపుగా చెప్పేస్తారు. "ఇంటర్వెల్ తర్వాత ఏంటి?" అన్న చోట గది నిశ్శబ్దమైపోతుంది. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఆటో జానీ. చిరంజీవి రాజకీయాల నుంచి తిరిగొచ్చి చేసే 150వ సినిమా పూరి జగన్నాథ్ చేతిలో ఉంటుందని 2015లో రామ్‌చరణ్ చెప్పారు, తనే నిర్మాత కూడా. అంత పెద్ద ప్రకటన తర్వాత అది జరగలేదు. సెకండాఫ్ సంతృప్తిగా అనిపించలేదని చిరంజీవి బయటే అన్నారు. ఆ మాట తనకు కాకుండా మీడియాకు చెప్పారని పూరి నొచ్చుకున్నారు. ఆ 150వ సినిమా చివరికి వి.వి.వినాయక్ దర్శకత్వంలో ఖైదీ నంబర్ 150గా, తమిళ కత్తికి రీమేక్‌గా, 2017 సంక్రాంతికి వచ్చింది. నా మటుకు పూరి నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. కానీ తొమ్మిదేళ్ల తర్వాత తెరమీదికి వస్తున్న హీరో ఆడిన కథనే పట్టుకోవడంలో కూడా ఆశ్చర్యం లేదు. రీమేక్‌కి ఒక సుఖం ఉంది, దాని సెకండాఫ్ ఆల్రెడీ థియేటర్లో పరీక్ష రాసి పాసయ్యి ఉంటుంది.

2022లో గాడ్‌ఫాదర్ టైంలో చిరంజీవి, పూరి కలిసి లైవ్‌లో మాట్లాడుకున్నారు. ఆటో జానీ సంగతి చిరంజీవే అడిగితే, అది పాతబడిపోయింది, ఇంకా మంచిది రాస్తానన్నట్టు పూరి నవ్వేశారు.

"క్రియేటివ్ డిఫరెన్సెస్" అని ట్వీట్ పెడతారు కదా, దాని అసలు అర్థం ఏంటి?

"ఇంతకు మించి అడగొద్దు" అని అర్థం. దాని వెనక పారితోషికం ఉండొచ్చు, డేట్లు ఉండొచ్చు, నిజంగానే కథ దగ్గర తేడా ఉండొచ్చు, బయటివాళ్లకి తెలిసే దారి లేదు.

2019 మార్చిలో మహేశ్‌బాబు ఇదే మాట వాడారు, సుకుమార్‌తో అనుకున్న సినిమా క్రియేటివ్ డిఫరెన్సెస్ వల్ల జరగట్లేదని ట్వీట్ చేసి, అందులోనే ఇద్దరూ అంతకుముందు కలిసి చేసిన వన్ నేనొక్కడినే మీద గౌరవం కూడా చెప్పారు. ఇలాంటి ప్రకటనల్లో అది మర్యాదగా రాసిన వాటిలో ఒకటి. ఆయన అనిల్ రావిపూడితో సరిలేరు నీకెవ్వరు చేశారు, 2020 సంక్రాంతికి వచ్చింది. సుకుమార్ అల్లు అర్జున్ దగ్గరికి వెళ్లారు, 2021 డిసెంబర్‌లో పుష్ప వచ్చింది.

అందరూ అడిగే తర్వాతి ప్రశ్న, మహేశ్ వదులుకున్నది పుష్పేనా? కాదు. ఎర్రచందనం నేపథ్యం ఒకటే అయినా మహేశ్‌కి చెప్పిన కథ వేరు, పుష్ప వేరు అని సుకుమారే ఇంటర్వ్యూల్లో చెప్పారు. అయినా ప్రతి పండక్కీ "మహేశ్ పుష్ప" ఫ్యాన్ పోస్టర్ ఎవరో ఒకరు తిప్పుతూనే ఉంటారు. ఒక దర్శకుడు ఒక లోకాన్ని ఏళ్ల తరబడి తవ్వుకుంటాడు, హీరో మారితే ఆ లోకంలోంచి ఇంకో మనిషిని తీస్తాడు. చిత్తూరు యాసలో, గూని భుజంతో నడిచే పుష్పరాజ్‌ని మహేశ్ కోసం రాసి ఉంటారని నమ్మేవాళ్లు ఆ సినిమా ఇంకోసారి చూడాలి.

ఒకే సినిమా రెండుసార్లు ఆగిందంటారు, అదేది?

జనగణమన. పూరి డ్రీమ్ ప్రాజెక్ట్. పోకిరికి పదేళ్లు నిండిన రోజు, అంటే 2016 ఏప్రిల్ 28న, మహేశ్‌బాబుతో చేస్తున్నానంటూ పోస్టర్ వేశారు. అది ముందుకు కదల్లేదు. ఆరేళ్లకి విజయ్ దేవరకొండ హీరోగా మళ్లీ మొదలైంది, 2022 మార్చిలో ముంబైలో ఆర్భాటంగా ప్రకటించారు, మిలిటరీ గెటప్, 2023 ఆగస్టులో విడుదల అని తేదీ కూడా ఇచ్చేశారు. పూజా హెగ్డే హీరోయిన్‌గా వచ్చారు. ఇదంతా ఈ ఇద్దరూ ముందు కలిసి చేసిన లైగర్ రిలీజ్ కాకముందు సంగతి.

2022 ఆగస్టు 25న లైగర్ వచ్చింది. ఆ తర్వాత సైమా సినిమా అవార్డుల వేడుకలో ఎవరో జనగణమన గురించి అడిగితే విజయ్ దాన్ని మర్చిపోండి అన్నట్టు మాట దాటేశారు. పూరి తర్వాత డబుల్ ఇస్మార్ట్ తీశారు. ఇక్కడ కథ మంచిదా చెడ్డదా అన్న మాటే రాలేదు, ఆ స్క్రిప్టులో ఒక్క సీను మారకుండానే సినిమా పోయింది. అదే హీరో, అదే దర్శకుడు, ముందు సినిమా పోయింది, అంతే. ఒక ఫ్లాప్ వెనకాల రెండో సినిమా పట్టాలెక్కించకుండా ఆగడం నిర్మాతల వైపు నుంచి సరైన నిర్ణయమే. రిజల్ట్ తేలకముందే రెండో సినిమా రిలీజ్ డేట్ ప్రకటించడమే నాకు అర్థం కాదు.

నర్తనశాల ఎంతవరకు తీశారు? చూడొచ్చా?

ఈ మొత్తంలో మనసుకి భారంగా ఉండేది ఇదే. 1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన నర్తనశాలలో ఎన్టీఆర్ అర్జునుడు, బృహన్నల. అదే కథని బాలకృష్ణ తన దర్శకత్వంలో, తానే అర్జునుడిగా 2004లో మొదలుపెట్టారు. ద్రౌపదిగా సౌందర్య, భీముడిగా శ్రీహరి, ధర్మరాజుగా శరత్‌బాబు. షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే, 2004 ఏప్రిల్ 17న, ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ బయల్దేరిన సౌందర్య బెంగళూరు దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయారు. ద్రౌపది పాత్రకి ఇంకొకర్ని ఊహించుకోలేక సినిమా పక్కన పెట్టేశారు.

తీసిన మేరకు 17 నిమిషాల ఫుటేజ్‌ని 2020 దసరాకి ఓటీటీలో డబ్బు కట్టి చూసే పద్ధతిలో విడుదల చేశారు, వచ్చిన దాంట్లో కొంత సేవా కార్యక్రమాలకి అన్నారు. అప్పటికి శ్రీహరి కూడా లేరు. ఆగిపోయిన తెలుగు సినిమా ఫుటేజ్ ఇలా పద్ధతిగా బయటికి రావడం అరుదు. సినిమాగా దాని మీద తీర్పు చెప్పడానికి ఆ 17 నిమిషాలు చాలవు, చెప్పకూడదు కూడా. సౌందర్య పద్యం ముందు నిలబడ్డ తీరు చూడటానికే చాలామంది డబ్బు కట్టారు, నేనూ అందులో ఒకణ్ణి.

నటులు పోతే ప్రతి సినిమా ఆగిపోతుందా?

లేదు. 1993 ఏప్రిల్‌లో దివ్యభారతి చనిపోయే నాటికి తొలిముద్దు మిగిలి ఉంది, మిగతా భాగం రంభతో పూర్తి చేసి అదే ఏడాది విడుదల చేశారు. ఎంత తీశారు, ఎంత మిగిలింది, మిగిలినదాన్ని డూప్‌తో దాటించొచ్చా అన్న లెక్క మీద ఆధారపడి ఉంటుంది. దానికి తోడు డబ్బింగ్ అనే వెసులుబాటు మనకి ఎప్పుడూ ఉంది. మొదట్లోనే జరిగితే ఆపేయడం, చివర్లో జరిగితే ఎలాగోలా లాగించడం.

చిరంజీవి, రాంగోపాల్ వర్మ కలిసి సినిమా మొదలుపెట్టారన్నది నిజమేనా?

నిజమే. వినాలని ఉంది. అశ్వనీదత్ నిర్మాత, ఊర్మిళ, టబు హీరోయిన్లు, కొంత షూటింగ్ కూడా జరిగింది. తర్వాత ఆగిపోయింది. వర్మ ఆ రోజుల్లో దౌడ్, సత్య తీస్తూ బొంబాయి మనిషి అయిపోయారు. అదే వైజయంతీ బేనర్‌లో 1998లో గుణశేఖర్ దర్శకత్వంలో చిరంజీవి చేసిన సినిమా పేరు చూడాలని వుంది. వినాలని ఉంది కాస్తా చూడాలని వుంది అయిందని అప్పట్లో జోకులు నడిచాయి. రెండు కథలూ వేరు, ఆ ఛాయ పేరు వరకే.

నాకు నిజంగా కుతూహలం ఉన్న ఆగిపోయిన సినిమా ఇదొక్కటే. శివ తీసిన మనిషి, సత్య తీయబోతున్న మనిషి, మధ్యలో మెగాస్టార్‌ని ఏం చేసేవాడో! ఇద్దరిలో ఒకరు రెండో వాళ్ల దారికి రావాల్సిందే, ఎవరు వచ్చేవారన్నదే ప్రశ్న.

చిరంజీవి ఖాతాలోనే సురేశ్ కృష్ణ దర్శకత్వంలో అబు బాగ్దాద్ గజదొంగ కూడా ఉంది, అదీ కొంత తీసి ఆపేసిందే. దాని స్టిల్స్ ఇప్పటికీ తిరుగుతుంటాయి.

ఇక వర్మ విషయానికొస్తే, ఆయన ప్రకటించి తీయనివాటికి విడిగా ఇంకో పేజీ కావాలి. 2016లో 340 కోట్లతో న్యూక్లియర్ అన్నారు, గుర్తుందా? ఆయనకి ప్రకటన కూడా ఒక కళారూపమే, పోస్టర్ వేసిన రోజే ఆయన వరకు సగం సినిమా అయిపోతుంది. అందుకే వాటిని ఈ లిస్టులో కలపను.

ఆలస్యం అవడానికీ ఆగిపోవడానికీ తేడా ఎలా తెలుస్తుంది?

బయటి నుంచి తెలియదు. హరిహర వీరమల్లు 2020లో మొదలై, దర్శకుడు క్రిష్ మధ్యలో తప్పుకుని, ఎ.ఎం.జ్యోతికృష్ణ పూర్తి చేసి, 2025 జులై 24న వచ్చింది. మధ్యలో ఆ సినిమాని ఎన్నిసార్లు చంపేశారో లెక్కలేదు. పవన్ కల్యాణ్‌దే సత్యాగ్రహి చూడండి, జానీ వచ్చిన 2003లోనే ఎ.ఎం.రత్నం నిర్మాతగా ఓపెనింగ్ చేశారు, అది మాత్రం అక్కడే ఆగింది. ఒకే హీరో, ఒకే నిర్మాత, ఒకటి ఐదేళ్లకి బతికి బయటపడింది, ఇంకోటి లేదు.

కొన్ని వేరే పేరుతో వస్తాయి. హరీశ్ శంకర్ భవదీయుడు భగత్‌సింగ్ అని 2021లో టైటిల్ వేసి, 2022 చివర్లో ఉస్తాద్ భగత్‌సింగ్ అని మార్చారు. పేరు మారితే కథ కూడా మారినట్టే అనుకోవాలి చాలాసార్లు, కానీ దాన్ని ఆగిపోవడం అనలేం.

హీరో ఒకరు, దర్శకుడు ఒకరు విడిపోయి ఇద్దరూ బాగుపడ్డ సందర్భాలు?

బోలెడు. ఎన్టీఆర్, త్రివిక్రమ్ అరవింద సమేత తర్వాత మళ్లీ కలుస్తున్నారని 2020 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది, ట్రిపులార్ లేటయింది, కరోనా వచ్చింది, 2021లో ఆ స్థానంలోకి కొరటాల శివ వచ్చారు, అది దేవర అయింది. త్రివిక్రమ్ మహేశ్‌తో గుంటూరు కారం చేశారు. రామ్‌చరణ్, గౌతమ్ తిన్ననూరి సినిమా 2021 దసరాకి ప్రకటించి మరుసటేడు వద్దనుకున్నారు. చరణ్ బుచ్చిబాబు వైపు, గౌతమ్ విజయ్ దేవరకొండ వైపు వెళ్లారు. హనుమాన్ హిట్టయ్యాక ప్రశాంత్ వర్మ రణ్‌వీర్ సింగ్‌తో సినిమా అనుకున్నారు, 2024 మేలో ఇది సరైన సమయం కాదంటూ ఇద్దరూ కలిసి ప్రకటన ఇచ్చి ముగించారు.

బాగుపడ్డారా అంటే, అది మీరే చెప్పుకోండి.

హిరణ్యకశిపుడి కథ గుణశేఖర్‌దా, రానాదా?

ప్రహ్లాదుడి కథ భాగవతంలో ఉంది, అది ఎవరి సొత్తూ కాదు. రుద్రమదేవి తర్వాత గుణశేఖర్ రానాతో హిరణ్యకశ్యప తీయాలని ఏళ్లపాటు పనిచేశారు, సురేశ్ ప్రొడక్షన్స్‌తో కలిసి. 2023 జులైలో శాన్ డియేగో కామిక్ కాన్‌లో రానా హిరణ్యకశ్యప ప్రకటించారు, రచన త్రివిక్రమ్. గుణశేఖర్ పేరు ఎక్కడా లేదు. నీతి, నిజాయితీ గురించి ఆయన పెట్టిన ట్వీట్ అప్పట్లో బాగా తిరిగింది.

చట్టం వరకు విషయం సూటిగానే ఉంటుంది. ఐడియాకి కాపీరైట్ లేదు, ఆ ఐడియాని రాసిన తీరుకే ఉంటుంది. ఈ మాట సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులోనే తేల్చేసింది. పురాణ కథ ఎవరైనా తీయొచ్చు, గుణశేఖర్ రాయించుకున్న సీన్లు, డైలాగులు, గీయించిన డిజైన్లు వాడాలంటే మాత్రం వాటి హక్కు ఎవరి దగ్గరుందో చూసుకోవాలి. మర్యాద వరకు వస్తే, ఏళ్లపాటు పనిచేసిన మనిషి ఆ వార్త అందరితో పాటే విన్నట్టు కనిపించడం బాగోలేదు. నేను గుణశేఖర్ వైపే.

రాజమౌళి మహాభారతం కూడా ఆగిపోయినట్టేనా?

మొదలే కాలేదు, ఆగేదెక్కడ. అది ఆయన ఎప్పటి నుంచో చెబుతున్న కోరిక. దేశంలో ఉన్న రకరకాల మహాభారతాలన్నీ చదవడానికే ఏడాది పడుతుందని, తీస్తే పది భాగాలవుతుందేమోనని 2023లో అన్నారు. తీయకపోయినా దాన్ని ఆగిపోయిన సినిమా అనకండి.

ఆయన లోకానికి సంబంధించి నిజంగా ఆగింది వేరే ఉంది, బాహుబలి ముందు కథతో నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించిన సిరీస్. ఆనంద్ నీలకంఠన్ శివగామి నవల ఆధారం, దర్శకులు దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు. చాలా భాగం తీశాక అది నచ్చక పక్కన పెట్టి, మళ్లీ కొత్త టీంతో మొదలుపెట్టి, దాన్నీ వదిలేశారు. సినిమా నిర్మాత అయితే అంత తీసినదాన్ని ఎలాగోలా రిలీజ్ చేసి వచ్చినంత రాబట్టుకోవాలని చూస్తాడు. ఓటీటీ కంపెనీకి టికెట్లు అమ్మే పని లేదు కాబట్టి మొత్తం పారేయడానికి కూడా వెనకాడదు. ముందు ముందు మన దగ్గర ఆగిపోయే పెద్ద పనులు ఎక్కువగా ఇలాంటివే అవుతాయని నా అనుమానం.

ఒకరు తీయాలనుకున్న సబ్జెక్టు ఇంకొకరు తీసి చరిత్ర సృష్టించిన సందర్భం ఉందా?

అల్లూరి సీతారామరాజు. ఎన్టీఆర్‌కి ఆ పాత్ర చేయాలని ఎప్పటి నుంచో ఉండేది, జరగలేదు. 1974లో కృష్ణ తన నూరో సినిమాగా తీశారు. తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర) సినిమా అదే. దర్శకుడు వి.రామచంద్రరావు మధ్యలోనే చనిపోతే మిగతాది పూర్తి చేసి విడుదల చేశారు, అంటే అది కూడా ఆగిపోవాల్సిన సినిమానే ఒక రకంగా. చాలా ఏళ్ల తర్వాత ఎన్టీఆర్ మళ్లీ ఆ ఆలోచన తెచ్చినప్పుడు, ముందు కృష్ణ సినిమా చూడమని పరుచూరి సోదరులు సలహా ఇచ్చారని, చూశాక ఆయన తన ప్రయత్నం మానుకున్నారని చెబుతారు. ఈగోలకి పెట్టింది పేరైన పరిశ్రమలో ఇలాంటి ముచ్చట వినడం బాగుంటుంది.

ఆగిపోయిన సినిమా టైటిల్ ఏమవుతుంది?

ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ చేసినవాళ్ల పేరు మీద ఉంటుంది, గడువు లోపల రెన్యువల్ చేసుకుంటూ పోవాలి. తీయని సినిమా టైటిల్ కూడా తీసిన సినిమాని ఇబ్బంది పెట్టగలదు. 2010లో కల్యాణ్‌రామ్ కత్తి సినిమాకి అదే జరిగింది, ఆ పేరు ముందే గుణశేఖర్ దగ్గరుందని గొడవై, చివరికి కల్యాణ్‌రామ్ కత్తి అని హీరో పేరు తగిలించి వదిలారు. అదే ఏడాది మహేశ్ ఖలేజాకీ ముందు హీరో పేరు వచ్చింది, అదీ టైటిల్ తగాదాయే. మంచి టైటిల్ దొరికితే కథ లేకపోయినా రిజిస్టర్ చేసి పెట్టుకునేవాళ్లు ఉన్నారు, ఇందులో రహస్యమేం లేదు.

తీసిన ఫుటేజ్ ఎక్కడుంటుంది?

ఫిల్మ్ రోజుల్లో నెగటివ్ ల్యాబ్‌లో ఉండేది, బాకీ కడితేనే బయటికొచ్చేది. కట్టేవాళ్లు లేక అక్కడే పాడైపోయినవి ఎన్నో. ఇప్పుడు హార్డ్ డిస్క్, అది నిర్మాత ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఆఫీసు మారినప్పుడు ఎవరింటికో వెళ్తుంది. భద్రం చేసే వ్యవస్థ అంటూ మనకి లేదు. రిలీజైన పాత సినిమాలకే మంచి ప్రింట్లు దొరకట్లేదు, ఆగిపోయినవాటి సంగతి ఎవరు చూస్తారు.

డబ్బు ఎవరిది పోతుంది?

హీరో అడ్వాన్స్ మామూలుగా పోదు. అదే నిర్మాతకి ఇంకో సినిమా చేసి సర్దుతాడు. దర్శకుడిదీ అంతే, "మీ బేనర్‌లో ఇంకోటి చేస్తాను" అనే మాట మీద ఏళ్లు గడుస్తాయి. నిర్మాతకి అసలు దెబ్బ వడ్డీ, ఫైనాన్స్ తెచ్చిన రోజు నుంచి అది ఆగదు, సినిమా ఆగినా.

ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్లు కింద ఉంటారు. కో డైరెక్టర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, పేరు పడకుండా రాసే ఘోస్ట్ రైటర్లు. ఆఫీసు తీసినప్పటి నుంచి మూసేదాకా వీళ్లే రోజూ వెళ్తారు. చాలామందికి జీతం షూటింగ్ మొదలయ్యాకే పూర్తిగా వస్తుంది, ప్రీ ప్రొడక్షన్‌లో ఇచ్చేది ఖర్చులకే సరి. ఏడాదిన్నర కూర్చుని సినిమా ఆగిపోతే తెరమీద పేరు రాదు. పేరు రాకపోతే తర్వాతి ఆఫీసులో "ఏం చేశావు ఇప్పటిదాకా?" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. కృష్ణానగర్‌లో, గణపతి కాంప్లెక్స్ చుట్టుపక్కల టీ కొట్టుల దగ్గర నిలబడితే ఇలాంటివాళ్లు కనీసం ఇద్దరు కనిపిస్తారు. వాళ్ల బయోడేటాలో రిలీజైన సినిమాల కంటే ఆగినవి ఎక్కువ. పెద్ద దర్శకుడికి ఆగిన సినిమా ఇంటర్వ్యూలో చెప్పుకునే కబురు, వీళ్లకి అది రూమ్ అద్దె. షూటింగ్ దాకా వెళ్లి ఆగితే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులకి రావాల్సింది యూనియన్ పట్టుబట్టి ఇప్పిస్తుంది. కథ దగ్గరే ఆగితే రైటర్లకి ఆ పాటి దిక్కు కూడా ఉండదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బా?

కాదు. సత్యజిత్ రే 1967లో ది ఏలియన్ స్క్రిప్ట్ పట్టుకుని హాలీవుడ్ దాకా వెళ్లారు, కొలంబియా సంస్థ, పీటర్ సెల్లర్స్, అంతా అనుకున్నాక ఆగిపోయింది. కుబ్రిక్ నెపోలియన్ కోసం అంతులేని పరిశోధన చేశారు, స్టూడియో వెనక్కి తగ్గింది, ఆ కష్టంలో కొంత 1975లో బారీ లిండన్‌కి పనికొచ్చింది. కమల్‌హాసన్ మరుదనాయగం 1997లో చెన్నైలో మొదలైనప్పుడు సాక్షాత్తూ ఎలిజబెత్ రాణి వచ్చారు. రాణి వచ్చినా డబ్బు రాలేదు.

తేడా ఏంటంటే, రే స్క్రిప్టు గురించీ కుబ్రిక్ నోట్సు గురించీ పుస్తకాలు వచ్చాయి. మన దగ్గర ఆగిన సినిమా స్క్రిప్టు అచ్చులో చూశామన్నవాళ్లు నాకు తగల్లేదు.

వచ్చుంటే ఇండస్ట్రీ హిట్ అయ్యేదా?

తెలియదు, ఎవరికీ తెలియదు. తీయని సినిమాలో బోరు కొట్టే సీను ఉండదు కాబట్టి అది ఎప్పుడూ బాగానే ఉంటుంది.

నా కథ ఒక నిర్మాతకి ఇచ్చాను, సినిమా ఆగిపోయింది. కథ వెనక్కి తీసుకోవచ్చా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ముందు చూడాల్సింది కాగితం. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకుండా అడ్వాన్స్ మాత్రమే తీసుకుంటే హక్కులు బదిలీ అయినట్టు కాదు, కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. సంతకం పెట్టి ఉంటే, 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదవండి. హక్కులు తీసుకున్నవాళ్లు ఏడాది లోపు వాటిని వాడకపోతే, అగ్రిమెంట్‌లో వేరేలా రాసి ఉంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే. ఎంతకాలానికి ఇచ్చారో రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. ఈ "వేరేలా రాసి ఉంటే తప్ప" దగ్గరే అందరూ దొరికిపోతారు, ఎందుకంటే నిర్మాతల లాయర్లు తయారుచేసే కాగితాల్లో ఆ ఏడాది నిబంధన వర్తించదనే వాక్యం మామూలుగా ఉంటుంది. శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని భాషల్లో అని కూడా రాసేస్తారు.

కాబట్టి సంతకానికి ముందే, ఇన్నేళ్లలో షూటింగ్ మొదలుకాకపోతే కథ నాకు తిరిగొస్తుంది, తీసుకున్న అడ్వాన్స్ కథ వేరేచోట అమ్ముడైనప్పుడు చెల్లిస్తాను అని ఒక వాక్యం రాయించుకోండి. అడిగితే ఇస్తారా అంటే, కొత్తవాళ్లకి తేలిగ్గా ఇవ్వరు, అయినా అడగండి. కథని రచయితల సంఘంలో తేదీతో రిజిస్టర్ చేసుకోండి, పంపిన ప్రతి డ్రాఫ్ట్ మెయిల్‌లోనే పంపండి, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో లైన్ చెప్పి ఊరుకోకండి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే ఆ కాగితం కాపీ పట్టుకుని కాపీరైట్ తెలిసిన లాయర్‌ని కలవండి. కాపీ మీ దగ్గర లేకపోతే, ముందు ఆఫీసుకి వెళ్లి అది అడిగి తెచ్చుకోండి.